హాజరు పుస్తకంలో ఎవరి పేరుంది?

ఈసారి ఒక ఫోన్ కాల్‌తో మొదలుపెడతాను. అందులోంచి 1928కి, 1943కి వెళ్ళి మళ్ళీ హఫీజ్‌పేట దగ్గరి ఒక సైట్‌కు వస్తాం. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

2024 ఎండాకాలంలో ఒక ఆదివారం మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, నువ్వు సదువుకున్నోనివి. మా సైటోళ్ళకు హెల్త్ ఇన్సూరెన్స్ చెయ్యాలంటున్నరు. ఏది చేస్తె మంచిది?"

వాడి సంగతి చెప్పాలి. పదిహేనేళ్ళప్పుడు మాదాపూర్‌లో తట్ట మోయడానికి వచ్చాడు. తర్వాత సెంట్రింగ్, తర్వాత మేస్త్రీ. ఇప్పుడు ఇద్దరు భాగస్వాములతో కలిసి రెండు వందలు, మూడు వందల గజాల ప్లాట్లు డెవలప్‌మెంట్‌కు తీసుకుని స్టిల్ట్ ప్లస్ నాలుగు అంతస్తులు కడుతున్నాడు. మా మాదిగవాడ నుంచి పోయి హైటెక్ సిటీ చుట్టుపక్కల 'బిల్డర్' అని బోర్డు పెట్టుకున్నవాడు నాకు తెలిసి వాడొక్కడే. వాడి దగ్గర నెల జీతం మీద ఉన్నవాళ్ళు ఆరుగురు: సైట్ ఇంజినీరు, సూపర్‌వైజరు, అకౌంటెంటు, డ్రైవరు, ఇద్దరు వాచ్‌మెన్లు. ఇంకో ఇరవై మంది దాకా గుంపుమేస్త్రీల కింద వస్తారు, పోతారు.

పక్క సైట్‌లో ఒక కుర్రవాడు పడి చనిపోతే ఆ బిల్డరు పోలీసుల చుట్టూ, పెద్దమనుషుల చుట్టూ తిరగడం చూసి వీడికి భయం పట్టుకుంది. ఒక ఏజెంటు వచ్చి గ్రూప్ మెడిక్లెయిం చెప్పిపోయాడు. ఆఫీసు వాళ్ళకు చేస్తే చాలన్నాడు. ఆడిటరేమో, "లేబర్‌ను మీ పుస్తకాల్లో చూపించకండి, మేస్త్రీకి వర్క్ ఆర్డర్ ఇవ్వండి, మీ లెక్క పదిమందికి లోపలే ఉండాలి" అన్నాడు. ఇంకెవరో ఈఎస్‌ఐ అన్నారు. మేస్త్రీ మాత్రం "ఆరోగ్యశ్రీ ఉన్నది కద సేటూ" అని తేల్చేశాడట.

నేను చదివింది తెలుగు సాహిత్యం. ఇన్సూరెన్స్ గురించి నన్నెందుకు అడిగాడో వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

మా నాయిన 2003లో కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ మూడో స్లాబ్ దగ్గర పనిచేస్తుంటే గోవ కర్ర విరిగి కింద పడ్డాడు. నేను అప్పుడు పదో తరగతి. నడుము పోయింది. బిల్డరు రెండు రోజులు ప్రైవేటు ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నాడు. మూడో రోజు "ఆయన నా మనిషి కాదు, మేస్త్రీ మనిషి" అన్నాడు. మేస్త్రీ "నేను గూడ కూలోన్నే" అన్నాడు. అదీ నిజమే. మాకున్న ఎకరంన్నర చేను ఆ ఏడాదే పోయింది. దసరా ముందు గుంపుమేస్త్రీ లెక్క తెంపుకోవడానికి నారాయణపేట వైపున్న మా ఊరికి వచ్చి నోట్‌బుక్ తెరిచాడు. అందులో నాయిన పేరు, పక్కన తీసుకున్న అడ్వాన్సు, కింద మిగిలిన బాకీ. ఆరేళ్ళు ఈ నగరాన్ని కట్టిన మనిషి పేరు రాసి ఉన్న కాగితం నేను చూసింది అదొక్కటే, అదీ అప్పు కింద.

అందుకే వాడు "ఏ ఇన్సూరెన్స్" అని అడిగితే నాకు వినిపించింది వేరే ప్రశ్న. ఎవరి పేరు ఏ పుస్తకంలో రాయాలి?

మన దగ్గర ఒక మెసేజ్ తిరుగుతుంటుంది. ఈఎస్‌ఐ తెచ్చింది బాబాసాహెబ్ అని, ఒక్క లైన్, కింద ఫొటో. అది తప్పని కొట్టిపారేయలేం. కానీ అసలు కథ ఆ లైన్ కన్నా బాగుంటుంది. క్లాసులో పిల్లలకు నేను ఇలా చెబుతాను.

1928లో బొంబాయి శాసన మండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లు మీద చర్చ జరిగింది. కాన్పుకు ముందూ తర్వాతా కార్మిక స్త్రీకి విశ్రాంతి, దానికి డబ్బు ఇవ్వాలని ఆ బిల్లు. భారం యజమాని మీద ఎందుకు వేయాలన్నది వ్యతిరేకించినవాళ్ళ వాదన. అంబేడ్కర్ ఆ బిల్లును సమర్థిస్తూ మాట్లాడాడు. తల్లికి విశ్రాంతి ఇవ్వడం దేశ ప్రయోజనం కాబట్టి ప్రభుత్వం కూడా భారం మోయాలి, కానీ ఆ స్త్రీ శ్రమతో లాభం పొందే యజమాని తప్పించుకోవడానికి లేదు అన్నది ఆయన వాదన సారాంశం. పనివాళ్ళ ఆరోగ్యం యజమాని దయ కాదు, బాధ్యత అన్న మాట ఆయన నోట అప్పుడే ఉంది. ఇటుకలు మోసే మన అక్కల గురించి మాట్లాడేటప్పుడు ఈ ప్రసంగం గుర్తుపెట్టుకోండి.

1942 జూలైలో ఆయన వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్ అయ్యాడు. 1946 దాకా ఉన్నాడు. ఆ కాలంలోనే, 1943లో, పారిశ్రామిక కార్మికుల ఆరోగ్య బీమాకు పథకం తయారు చేయమని బి.పి.అదార్కర్ అనే ఆర్థికశాస్త్ర అధ్యాపకుడికి ప్రభుత్వం అప్పగించింది. 1944 ఆగస్టులో ఆయన నివేదిక ఇచ్చాడు. అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు దాన్ని పరిశీలించారు. 1946 చివర్లో బిల్లు సభ ముందుకు వచ్చేనాటికి అంబేడ్కర్ ఆ శాఖలో లేడు. దాన్ని ప్రవేశపెట్టింది తాత్కాలిక ప్రభుత్వంలో లేబర్ శాఖ చేపట్టిన జగ్జీవన్ రామ్. 1948 ఏప్రిల్‌లో అది కార్మిక రాజ్య బీమా చట్టం అయింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూర్‌లో నెహ్రూ ప్రారంభించాడు.

రాజకీయంగా ఎదురుబొదురు నిలబడ్డ ఇద్దరు దళిత నాయకులు ఒకరి తర్వాత ఒకరు ఆ శాఖను నడిపిన కాలంలో ఈ చట్టం పుట్టింది. మనం ఒకరి ఫొటో పెట్టి రెండోవారిని వదిలేస్తున్నాం. సరే, అది మన ఇంటి గొడవ.

అసలు చూడాల్సింది చట్టం ఎవరిని లోపలికి రానిచ్చిందో. అదార్కర్ పథకం ఏడాది పొడుగునా నడిచే ఫ్యాక్టరీల కోసం. చట్టం మొదట వర్తించింది కరెంటుతో నడుస్తూ, ఇరవై లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే, సీజన్‌తో సంబంధం లేని ఫ్యాక్టరీలకు. దానికి కారణం ఉంది. బీమా అంటే నెలనెలా జీతంలోంచి కొంత కోయాలి, యజమాని కొంత కలపాలి. అలా చేయాలంటే గేటుండాలి, హాజరు పుస్తకం ఉండాలి, జీతాల రిజిస్టరు ఉండాలి. మిల్లులో అవన్నీ ఉన్నాయి. తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే మనిషికి ఏ గేటూ లేదు. ఈ దేశంలో పేరు రాసుకునే చోట పని దొరకడమే కులాన్ని బట్టి ఉన్నప్పుడు, పేరున్నవాళ్ళకే బీమా అన్న నియమం ఎవరిని బయట పెడుతుందో చెప్పక్కర్లేదు. చట్టం రాసినవాళ్ళకు ఆ ఉద్దేశం ఉందని నేననను.

దీనికి ఇంకో దారి కూడా అంబేడ్కర్ కాలంలోనే దొరికింది. దీని గురించి మనవాళ్ళు దాదాపు మాట్లాడరు. 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. గని నుంచి బయటికి పోయే బొగ్గు మీద సెస్ వేసి ఆ డబ్బుతో కార్మికులకు ఆసుపత్రులు, ఇళ్ళు. 1946లో అభ్రకం మీద ఇలాంటిదే చట్టమైంది. అభ్రకం అంటే మన గూడూరు వైపు గనులు. నెల్లూరు జిల్లా కలిచేడులో ఆసుపత్రి ఆ నిధితోనే వచ్చింది. ఇక్కడ లెక్క మనిషితో మొదలవదు, సరుకుతో మొదలవుతుంది. కార్మికుడు ఏ కాంట్రాక్టరు కింద ఉన్నా, ఇవాళ వచ్చి రేపు పోయినా, సరుకు కదిలితే చాలు, డబ్బు జమవుతుంది.

అంటే 1946 నాటికే రెండు దారులు పడ్డాయి, పేరు మీద బీమా, సరుకు మీద సెస్. ఇల్లు కట్టే పనివాడికి మాత్రం అటు దారీ లేదు, ఇటు దారీ లేదు. సాగర్ నుంచి దేశం నలుమూలలా ప్రాజెక్టులకు మట్టి మోసిన 'పాలమూరు లేబర్' ఆ మధ్యలోనే యాభై ఏళ్ళు మోశారు.

సెస్ దారి తెరవడానికి చాలా పోరాటం జరిగింది. 1980ల నుంచి నిర్మాణ కార్మిక సంఘాలు జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ లాంటి వాళ్ళను ముందు పెట్టుకుని కేంద్ర చట్టం కోసం జాతీయ ప్రచార కమిటీ నడిపాయి. 1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం, దానితో పాటే సెస్ చట్టం వచ్చాయి. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సంక్షేమ బోర్డుకు కట్టాలి. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ళ లోపు వయసుండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు పనిచేసినవాళ్ళు బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ బోర్డు ఏర్పడింది 2007లో. అంటే చట్టం వచ్చిన పదకొండేళ్ళకు.

ఈ పదకొండేళ్ళలో హైదరాబాద్‌లో ఏం జరిగిందో చూడండి. 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించాడు. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి రాళ్ళగుట్టలు పగిలాయి. సైబరాబాద్ మొదటి విడత అంతా లేచింది ఆ కాలంలోనే. మా నాయిన వచ్చింది 1997లో, పడింది 2003లో. చట్టం ఢిల్లీలో పుస్తకంలో ఉంది, బోర్డు ఇక్కడ లేదు. ఆయనకు రావాల్సినది ఆయన పడిన నాలుగేళ్ళ తర్వాత పుట్టింది.

సెస్ డబ్బు ఏమైందో కూడా చెప్పాలి. ఆ కమిటీ 2006లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2018 మార్చి 19న జస్టిస్ మదన్ లోకూర్, జస్టిస్ దీపక్ గుప్తా తీర్పు ఇచ్చారు. దేశం మొత్తం మీద వసూలైంది 37,400 కోట్లకు పైగా, ఖర్చయింది దాదాపు 9,500 కోట్లు అని ఆ తీర్పులో రాసుంది. సరుకు మీద పన్ను వేస్తే డబ్బు వస్తుంది, నిజమే. కానీ డబ్బు చేరాలంటే చివరికి మనిషి పేరు కావాల్సిందే. రెండో దారి కూడా తిరిగి తిరిగి హాజరు పుస్తకం దగ్గరికే వచ్చి ఆగింది.

ఫోన్‌లో తమ్ముణ్ణి అడిగాను: "పర్మిషన్ తీసుకునేటప్పుడు లేబర్ సెస్ కట్టినవా?"

"కట్టకుంటె పర్మిషన్ ఇస్తరా అన్నా? అన్ని బిల్డింగులకు కట్టిన."

"మీ సైట్ల ఎంతమందికి లేబర్ కార్డున్నది?"

కొంచెంసేపు మాట్లాడలేదు. "ఎవ్వరికి లేదనుకుంట."

మొత్తం నిర్మాణ ఖర్చు మీద ఒక శాతం, అన్ని బిల్డింగులకు. ఆ డబ్బుతో ఆ బిల్డింగులు కట్టినవాళ్ళలో ఒక్కరి కాన్పుకు గానీ, ఒక్కరి చావుకు గానీ పైసా రాలేదు. వీడు మోసం చేయలేదు, కట్టాల్సింది కట్టాడు. 90 రోజులు పనిచేశారని ఒక సర్టిఫికెట్ రాసివ్వాలని వాడికి ఎవరూ చెప్పలేదు. వాడూ అడగలేదు. ఒకప్పుడు తానే తట్ట మోసినవాడు.

ఇక ఆరోగ్యశ్రీ. 2007లో వైఎస్ ప్రభుత్వం మొదలుపెట్టినప్పుడు మొదటి విడత జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఉంది. గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు మా ఊళ్ళో మొదటిసారి చూశాం. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, మా పెద్దమ్మ ఆ కార్డు మీదే బతికింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో దాని పరిమితి పది లక్షలకు పెరిగింది. కానీ ఆరోగ్యశ్రీలో యజమాని అనే మనిషి లేడు. స్లాబ్ మీద నుంచి పడ్డా, ముసలితనంలో జబ్బు చేసినా దానికి ఒకటే, రోగి, ఆసుపత్రి, ప్రభుత్వం. ఎవరి పని చేస్తూ పడ్డాడు అన్న ప్రశ్న అందులో లేదు. మూడు నెలలు మంచం మీద ఉంటే ఆ మూడు నెలల కూలి ఎవరిస్తారన్న ప్రశ్న కూడా లేదు. "ఆరోగ్యశ్రీ ఉన్నది కద" అనే మాట మేస్త్రీలకు, బిల్డర్లకు అంత తియ్యగా ఉండటానికి కారణం అదే. పైగా మా తమ్ముడి సైట్‌లో సగం మంది ఇప్పుడు బీహార్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వాళ్ళు. వాళ్ళ దగ్గర తెలంగాణ రేషన్ కార్డు లేదు.

ఆ సగం మంది ఎంతమందో ఈ నగరానికి ఒక్కసారి కనిపించింది. 2020 మే 1న లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు బయల్దేరింది, దాదాపు 1,200 మందితో. దానికి ముందు, ఏప్రిల్ 15న కేంద్ర హోంశాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో పనులు మళ్ళీ మొదలుపెట్టే సంస్థలు కార్మికులకు వైద్య బీమా తప్పనిసరిగా చేయించాలని ఒక లైన్ ఉంది. ఒక్క లైనే. ఐటీ కంపెనీల వాళ్ళ మెడలో అప్పటికే క్యాష్‌లెస్ కార్డులున్నాయి. ఆ అద్దాల మేడలు కట్టినవాళ్ళు సూట్‌కేసులు నెత్తిన పెట్టుకుని లింగంపల్లి దారి పట్టారు.

ఇంకొకటి. 2016 డిసెంబర్ 8 రాత్రి నానక్‌రాంగూడలో కడుతున్న ఏడంతస్తుల భవనం కూలి పదకొండు మంది చనిపోయారు. ఎక్కువమంది విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలు, వాళ్ళ కుటుంబాలు. అది పెద్ద కంపెనీ టవర్ కాదు. చిన్న స్థలంలో ఒక వ్యక్తి కట్టుకుంటున్న బిల్డింగు. మనం లేబర్ హక్కులంటే పెద్ద కంపెనీల గేట్ల దగ్గర జెండా పట్టుకుంటాం. ఈ కారిడార్‌లో ఎక్కువమంది బతికేది, చచ్చేది ఇలాంటి చిన్న సైట్లలో.

ఇప్పుడు తమ్ముడి లెక్కకు వద్దాం. మొట్టమొదట వాడికి చెప్పింది, ఇది ఎంచుకునే విషయం కాదని. 2015 ఆగస్టు 1 నుంచి ఈఎస్‌ఐ అమలయ్యే ప్రాంతాల్లో నిర్మాణ సైట్లలో పనిచేసేవాళ్ళను కూడా ఆ పథకంలోకి తెచ్చారు. 1948 నుంచి లెక్కపెడితే అరవై ఏడేళ్ళు. పదిమంది ఉంటే వర్తిస్తుంది, ఆ పదిమందిలో మేస్త్రీ తెచ్చినవాళ్ళూ ఉంటారు. చట్టం దృష్టిలో అసలు యజమాని బిల్డరే. మేస్త్రీ వాటా తర్వాత మేస్త్రీ నుంచి రాబట్టుకోవచ్చు, కానీ కట్టాల్సిన బాధ్యత ముందు వీడిది. "ఆయన నా మనిషి కాదు" అనే మాటకు 1948 చట్టంలోనే జవాబుంది. నాకది తెలిసేసరికి నాయిన లేడు.

ఖర్చు విన్నాక వాడు నమ్మలేదు. రోజుకు ఆరు వందల చొప్పున 26 రోజులు తట్ట మోసే అక్కకు నెలకు 15,600. అందులో యజమాని వాటా 3.25 శాతం, అంటే 507 రూపాయలు. ఆమె వాటా 0.75 శాతం, 117 రూపాయలు. 2019 జూలైకి ముందు రెండు వాటాలు కలిపి 6.5 శాతం ఉండేది, అప్పటి నుంచి 4 శాతం. ఇరవై మందికి కలిపి వాడి జేబులోంచి నెలకు పది వేల చిల్లర. దానికి వచ్చేది, చేరిన రోజు నుంచి ఆమెకూ కుటుంబానికీ వైద్యం. పనిలో దెబ్బ తగిలితే పని చేయలేనన్ని రోజులూ కూలిలో 90 శాతం. చనిపోతే ఇంట్లోవాళ్ళకు నెలనెలా పెన్షన్ లాంటిది. కాన్పుకు, చందా రోజుల షరతు నెరవేరితే, 26 వారాల పూర్తి వేతనం.

గ్రూప్ మెడిక్లెయింలో ఆసుపత్రిలో చేరితే బిల్లు వస్తుంది. అది మంచిదే, మంచి ఆసుపత్రికి పోవచ్చు. కానీ పోయిన కూలి రాదు, పనిలో చనిపోతే నష్టపరిహారం రాదు. ఏజెంటు ఆ సంగతి చెప్పలేదు, చెప్పడు.

చెప్పని ఇంకో సంగతి 1923 నాటి నష్టపరిహార చట్టం. ఈఎస్‌ఐలో లేని పనివాడు పనిలో చనిపోతే యజమాని కట్టాలి, మేస్త్రీ కింద ఉన్నవాడైనా సరే. లెక్కకు తీసుకునే నెల వేతనం గరిష్ఠంగా 15,000. అందులో సగాన్ని వయసును బట్టి ఉండే అంకెతో హెచ్చవేస్తారు. ముప్పై ఏళ్ళవాడికి ఆ అంకె 207.98. అంటే 15,59,850 రూపాయలు. "ఒక్క ఫ్లాట్ లాభం పోతది కదన్నా" అన్నాడు తమ్ముడు. ఈఎస్‌ఐలో ఉన్నవాడి విషయంలో ఆ భారం కార్పొరేషన్ మీదికి పోతుంది. వాడికి ఎక్కింది ఈ లెక్క. ఎక్కనివ్వండి. నేను బాధ్యత గురించి అరగంట చెప్పినదానికన్నా ఇది బాగా పనిచేసింది.

చిక్కు ఎక్కడంటే వేతన పరిమితి 21,000. తాపీమేస్త్రీ రోజుకు పదకొండు వందలు తీసుకుంటే నెలకు 28,600, ఆయన ఈఎస్‌ఐలోకి రాడు. అలాంటివాళ్ళకు, సైట్ ఇంజినీరుకు మెడిక్లెయిం, దాంతోపాటు పనిలో ప్రమాదాలకు వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ విడిగా తీసుకోవాలి. ఇలా గీత గీస్తే ఎవరెక్కడ పడతారో చూడండి. గీతకు కింద తట్ట మోసేవాళ్ళు, ఎక్కువమంది ఆడవాళ్ళు, ఎక్కువమంది మనవాళ్ళు. ఆడిటరు సలహా ప్రకారం పుస్తకంలో లేకుండా పోయేది సరిగ్గా ఈ మనుషులే.

ఈఎస్‌ఐ స్వర్గమని నేను చెప్పడం లేదు. డిస్పెన్సరీల్లో మందులు లేక తిరిగొచ్చినవాళ్ళు నాకు తెలుసు. 2019లో తెలంగాణలో ఈఎస్‌ఐ డిస్పెన్సరీలు నడిపే శాఖలో మందుల కొనుగోలు కుంభకోణం బయటపడి ఏసీబీ ఏకంగా డైరెక్టర్‌నే అరెస్టు చేసింది. ఆ మందులు ఎవరి 0.75 శాతంతో కొన్నవో అని అప్పుడు ఎంతమంది అడిగారు?

దానికన్నా లోతైన తప్పు దాని క్యాలెండర్లో ఉంది. జబ్బు చేసినప్పుడు వేతనంలో 70 శాతం, ఏడాదిలో 91 రోజుల దాకా ఇస్తారు. దానికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు పనిచేసి ఉండాలి. అక్టోబర్ నుంచి మార్చి దాకా చేసిన పనికి ఫలితం వచ్చే కాలం జూలై నుంచి డిసెంబర్. మా పాలమూరోళ్ళు దసరా దాటాక వస్తారు, తొలకరికి ఊరికి పోతారు. వాళ్ళు సైట్‌లో ఉండి జ్వరంతో పడుకున్నప్పుడు ఆ డబ్బు రాదు. వచ్చే నెలల్లో వాళ్ళు ఊళ్ళో చేను దున్నుతుంటారు. ఫ్యాక్టరీ సైరన్‌కు రాసిన క్యాలెండర్ వానకు కుదరదు. 2015లో చట్టాన్ని సైట్ దాకా తెచ్చారు గానీ ఈ లెక్కను మార్చలేదు. విద్యార్థి మిత్రులు ఎవరైనా దీని మీద పరిశోధన చేయాలి. మనం ఎంతసేపూ కవిత్వంలో వలస మీదే థీసిస్‌లు రాస్తున్నాం, నాతో సహా.

2025 నవంబర్ 21 నుంచి ఈ పాత చట్టాలు లేబర్ కోడ్‌ల్లోకి వెళ్ళిపోయాయి. ఈఎస్‌ఐ, సెస్, నష్టపరిహారం మూడూ ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్ అనే ఒక్క పుస్తకంలో ఉన్నాయి. దాని సంగతి మరోసారి రాస్తాను.

తమ్ముడు చివరికి ఏం చేశాడంటే, మొదటి నెల ఏమీ చేయలేదు. భాగస్వాములు ఒప్పుకోలేదు. "మనొక్కరమే చేస్తే రేటు పెరుగుద్ది" అన్నారు. తర్వాత లేబరే ఎదురు తిరిగారు, నూటపదిహేడు రూపాయలు కోస్తే పక్క సైట్‌కు పోతామని. అది మూర్ఖత్వం అనుకోకండి. నెలల తర్వాత వస్తుందని చెప్పే ఏ డబ్బూ వాళ్ళ జీవితంలో రాలేదు. నేను ఒక ఆదివారం వెళ్ళి వాళ్ళతో కూర్చున్నాను. నాయిన కథ చెబితే మగవాళ్ళు వినీ విననట్టు ఉన్నారు. ఆడవాళ్ళు మాత్రం కాన్పు డబ్బు గురించి గుచ్చి గుచ్చి అడిగారు. కోత వాటా కూడా మూడు నెలలు తానే పెట్టుకుంటానని తమ్ముడు అన్నాక ఒప్పుకున్నారు.

సెప్టెంబర్‌లో నమోదు మొదలైంది. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు, పుట్టిన తేదీలన్నీ జనవరి ఒకటే. పదకొండు మందికి నంబర్లు వచ్చేసరికి దసరా దాటింది. లేబర్ కార్డులకు 90 రోజుల సర్టిఫికెట్లు వాడే సంతకం పెట్టి ఇచ్చాడు. మిగతావాళ్ళు ఊళ్ళకు పోయారు, కొందరు తిరిగి రాలేదు.

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. అకౌంటెంటు కుర్రవాడు సిమెంటు బస్తాల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక్కొక్కరినీ పిలుస్తున్నాడు. మక్తల్ వైపు నుంచి వచ్చిన ఒక అక్క, మా అమ్మ వయసు కన్నా కొంచెం చిన్నది, ముందు నిలబడింది. పేరు, భర్త పేరు, ఊరు అయ్యాయి. పనిలో చేరిన తేదీ దగ్గర ఆగాడు.

"ఎప్పుడు చేరినవ్ అక్కా?"

"ఏడ?"

"పనిల."

ఆమె నవ్వింది. "పెండ్లయిన సంది చేస్తున్న బిడ్డా. మాదాపూర్ల గుట్టలున్నప్పటి సంది. ఏ తారీకు రాస్తవ్?"

వాడు నా వైపు చూశాడు. నేను తమ్ముడి వైపు చూశాను. కాసేపాగి తమ్ముడే ఆ నెల ఒకటో తారీఖు రాయమన్నాడు.